గాజుతొట్టెలో జెల్లచేప

మాటకు మాట పెట్టి అనువదిస్తే ‘క్యాట్‌ఫిష్’ అనే ఆంగ్లపదం తెలుగులో ‘పిల్లిచేప’ అవుతుంది. ఆ మాట పట్టుకొని కొల్లేటి గట్టున చేపల గంప ముందు నిలబడి, “అమ్మా, పిల్లిచేపలు ఉన్నాయా?” అని అడిగి చూడండి. గంప దించుకొన్న మనిషి మిమ్మల్ని ఎగాదిగా చూచి ఊరుకొంటుంది. ఆమె గంపలో ఉన్నది జెల్ల. పక్క గంపలో వాలుగ. నీళ్ళ తపేలాలో ప్రాణంతో కదులుతున్నవి మార్పులు, ఇంగిలాయిలు. మూతికి మీసాలున్న చేపలన్నింటినీ కలిపి ఆంగ్లేయుడు ఒక్క పేరు పెట్టాడు. మనవారు దేనికి దానికి విడిగా పేరు పెట్టుకొన్నారు. పేరు విడిగా ఉన్నదంటే గుణం విడిగా తెలుసునని అర్థం. ఏది ముల్లు పొడుస్తుందో, ఏది చారెడు నీటిలో కూడా బ్రతుకుతుందో, ఏది తోటి చేపను మింగుతుందో ఆ పేరు వినగానే ఊరివారికి స్ఫురిస్తుంది. ఇంట్లో గాజుతొట్టె పెట్టి ఈ మీసాల చేపలను పెంచదలచినవారికి ఆ పరిజ్ఞానమే మొదటి పెట్టుబడి.

నేను ఉంటున్న ఖరగ్‌పూరు ఈ విషయం ఆలోచించడానికి అనువైన చోటు. 1887లో ఏర్పడిన బెంగాలు నాగపూరు రైల్వే కంపెనీ చేతికి 1902లో తూర్పు తీరపు రైలుదారి ఉత్తర భాగం వచ్చింది. ఆ దారి వెంబడి శ్రీకాకుళం, విశాఖపట్నం ప్రాంతాల నుండి మనవారు ఇక్కడి కర్మాగారంలోనూ, రైలుబండ్ల మీదా పనికి వచ్చి, తరతరాలుగా నిలిచిపోయారు. కంపెనీ పోయి 1955లో ఆగ్నేయ రైల్వే ఏర్పడింది; మనుషులు మాత్రం కదలలేదు. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాలు మంత్రివర్గం తెలుగుకు రాష్ట్ర అధికార భాషలలో చోటు కల్పించాలని నిర్ణయించింది. ఆ నిర్ణయం వెనుక ఈ ఊరి తెలుగువారి బలం ఉన్నది. ఇక్కడి గోల్‌బజారులో ఒకే చేపకు రెండు పేర్లు వినిపిస్తాయి. కొనే ఇల్లాలికి అది జెల్ల, అమ్మే అతనికి ట్యాంగ్రా. మన మార్పు వారికి మాగుర్. మన ఇంగిలాయి వారికి శింగి. మన వాలుగ వారికి బోయాల్.

ఇందులో మరొక వింత కూడా ఉన్నది. ఈ పల్లెటూరి పేర్లే శాస్త్రజ్ఞుల లాటిను నామాలలోకి ఎక్కాయి. ఈస్టిండియా కంపెనీ కొలువులో వైద్యుడుగా పనిచేసిన స్కాట్లండు దేశస్థుడు ఫ్రాన్సిస్ హామిల్టన్ గంగానది చేపలను గురించి వ్రాసిన గ్రంథం 1822లో ఎడింబరోలో వెలువడింది. కొత్త జాతి కనబడినప్పుడు ఆయన చాలాచోట్ల గ్రీకు, లాటిను పదాల కోసం తడుముకోలేదు. జాలరి చెప్పిన పేరునే తీసుకొన్నాడు. అందువల్లనే నేటికీ ప్రపంచమంతటా శాస్త్రగ్రంథాలలో ట్యాంగ్రా ఒకటి ‘మిస్టస్ తెంగర’, మాగుర్ ‘క్లేరియస్ మాగుర్’, పాబ్దా ‘ఓంపాక్ పాబ్దా’. మన భాషకు కూడా ఈ గౌరవం దక్కకపోలేదు. ప్యాట్రిక్ రసెల్ అనే మరొక వైద్యుడు విశాఖపట్నంలో సేకరించిన 200 చేపల వర్ణనలు, చిత్రాలు 1803లో గ్రంథంగా వచ్చాయి. వాలుగకు శాస్త్రనామం ‘వల్లాగో అట్టు’. ఆ మొదటి మాటలో మన వాలుగ స్పష్టంగానే వినిపిస్తుంది.

ఏది పెంచాలి, ఏది పెంచకూడదు?

రకరకాల చేపలు కలిసి బ్రతికే తొట్టెను ఒక లోగిలి అనుకోండి. అందులో చేరదగినవి ఉన్నాయి, చేరకూడనివీ ఉన్నాయి. వాలుగ పిల్లలుగా ఉన్నప్పుడు వెండి రేకులవలె ముచ్చటగా ఉంటుంది. కాని అది మనిషి పొడవుకు ఎదగగల చేప. తోటి చేపలను మింగి బ్రతికే చేప. దానిని ఇంటి తొట్టెకు తీసుకొనిరావడం పులిపిల్లను పెరట్లో కట్టివేయడం వంటిది. మార్పు కూడా మూరెడు పొడవు పెరిగి, రాత్రివేళ చిన్న చేపలను ఏరుకొని తింటుంది. పైగా మూత సందు దొరికితే తొట్టె దాటి గచ్చు మీద పాకుకొంటూ పోగలదు.

ఇంగిలాయి లేక శింగి అడుగు పొడవు వరకు పెరుగుతుంది. నెమ్మదస్తుడి వలె కనబడినా దాని రొమ్ము రెక్కల ముళ్ళలో విషం ఉంటుంది. అది గుచ్చుకొంటే నొప్పి దుర్భరం. ఆ విషం వేడికి విరిగే గుణం కలది. కనుక చర్మం కాలనంత వేడినీటిలో చేతిని అరగంటకు పైగా ఉంచి, ఆ తరువాత వైద్యుని వద్దకు వెళ్ళడం మంచిది. పిల్లలున్న ఇంట్లో ఈ చేపను ఉంచకపోవడం అంతకన్నా మంచిది.

ఇక మిగిలినవి జెల్లలలో చిన్న రకాలు. వీటిలో చారల జెల్ల గాజుతొట్టెకు పుట్టినట్లుంటుంది. దీనికి శాస్త్రనామం ‘మిస్టస్ విట్టాటస్’. బ్లాక్ అనే జర్మను శాస్త్రజ్ఞుడు 1794లోనే దీనిని వర్ణించాడు. బంగారు, వెండి కలిసిన మేను మీద నిలువునా ముదురు చారలు, భుజం వద్ద నల్లని మచ్చ, నాలుగు జతల మీసాలు. సాధారణంగా మన అరచేతి పొడవును మించదు. ఒంటరిగా ఉంటే బెదిరి మూల చేరుతుంది, లేదా తగవులమారి అవుతుంది. ఐదారింటిని కలిపి ఉంచితే తమలో తాము సర్దుకొని, మిగిలిన చేపల జోలికి పోవు. పాబ్దా కూడా అందమైన చేపే. అయితే అది మరింత పిరికిది. గుంపు, చీకటి, నిశ్శబ్దం మూడూ కోరుతుంది.

జెల్ల సాత్వికమని చెప్పడం దాని నోటిలో పట్టని చేపల విషయంలోనే నిజం. గప్పీలు, నియాన్ టెట్రాలు వంటి చీమంత చేపలను దానితో కలిపి, తెల్లవారి లెక్క తగ్గినదని వాపోవడం న్యాయం కాదు. రెండు మూడంగుళాలు దాటిన పరిగెలు దానికి సరైన పొరుగువారు. ముఖ్యంగా బెంగాలీలు కాంచన్ పుంటి అని పిలిచే ఎర్రని పరిగె తొట్టె నడిమి భాగంలో తిరుగుతుంది, జెల్ల అడుగున తిరుగుతుంది. ఒకరి దారికి ఒకరు అడ్డు రారు.

తొట్టె అమరిక

ఐదారు జెల్లలకు, పది పరిగెలకు 4 అడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు గల తొట్టె చాలును. అందులో సుమారు 250 లీటర్ల నీరు పడుతుంది. అంటే గాజుతో, ఇసుకతో కలిపి మూడు క్వింటాళ్ళ బరువని గుర్తుంచుకొని, దానికి తగిన బల్లను చూసుకోవాలి. అడుగున పరిచే ఇసుక నున్ననిదై ఉండాలి. ఈ చేప మీసాలతో నేలను తడుముకొంటూ బ్రతుకుతుంది. పదునైన గులకరాళ్ళ మీద ఆ మీసాలు అరిగి, పుండ్లు పడి, చివరకు మొండిగా మిగులుతాయి. మీసాలు పోయిన జెల్ల కర్ర పోగొట్టుకొన్న గుడ్డివాని వంటిది.

పగలు దాగడానికి చోటు కావాలి. బోర్లించిన పూలకుండీ, కొబ్బరిచిప్ప, పెంకు ముక్క, ఏదైనా సరే. బెంగాలులో టీ ఇచ్చే మట్టి ముంతలను కడిగి పక్కకు వాల్చి పెడితే చిన్న జెల్లలు ఒక్కొక్కటి ఒక్కొక్క ముంతను ఆక్రమించుకొంటాయి. దాగుడుచోట్లు చేపల సంఖ్యకన్న ఒకటి రెండు ఎక్కువే ఉండనివ్వండి. దాక్కొనే చోటు ఎక్కువైతే చేప కనబడదేమో అనుకొంటారు చాలామంది. నిజానికి ఆపద వస్తే పోయి దాగడానికి తావున్నదని తెలిసిన చేపే ధైర్యంగా బయట తిరుగుతుంది.

కొత్త నీటిలో ఆ రోజే చేపలను వదలరాదు. చేపల విసర్జనం వల్ల నీటిలో అమ్మోనియా చేరుతుంది, అది విషం. వడపోత సాధనంలో క్రమంగా పెరిగే సూక్ష్మజీవులు దానిని ముందు నైట్రైటుగా, తరువాత అంతగా హాని చేయని నైట్రేటుగా మారుస్తాయి. ఈ ఏర్పాటు కుదురుకోవడానికి నాలుగు నుండి ఆరు వారాలు పడుతుంది. అంతవరకు ఒకటి రెండు గట్టి చేపలతో సరిపెట్టుకొని, మిగిలినవాటిని ఆ తరువాత కొద్ది కొద్దిగా చేర్చాలి. కుళాయి నీటిలో క్లోరిన్ ఉంటుంది కనుక దానిని వెడల్పాటి పాత్రలో ఒక రోజు గాలి ఆడనిచ్చి వాడాలి. వారానికి ఒకసారి నాలుగవ వంతు నీరు మార్చితే చాలును. మొత్తం నీరు పారబోసి తొట్టెను తళతళలాడేట్లు తోమడం ఇంటి శుభ్రతకు మంచిదే కాని చేపకు మంచిది కాదు.

మన చేపను పెంచడంలో ఉన్న పెద్ద సుఖం వాతావరణం. ఖరగ్‌పూరు ఎర్రమట్టి నేల వేసవిలో 40 డిగ్రీలు దాటి కాగుతుంది, పుష్యమాసంలో రాత్రులు వణికిస్తాయి. విదేశాల ఉష్ణమండలపు చేపలకు ఆ రోజులలో తొట్టెలో హీటరు పెట్టాలి. జెల్ల మాత్రం ఈ నేల మీది చెరువులలోనే ఆ వేసవిని, ఆ చలిని చూచిన చేప. గదిలో ఉంచిన తొట్టెలో దానికి వేరే ఉపచారం అక్కరలేదు. వేసవి మధ్యాహ్నాలలో నీరు వేడెక్కినప్పుడు అందులోని ప్రాణవాయువు తగ్గుతుంది కనుక గాలిపంపును ఆపకుండా ఉంచితే చాలును.

బజారు నుండి ఇంటికి

బెంగాలులో చేపను ప్రాణంతో కొనే అలవాటున్నది. శింగి, మాగుర్ వంటివాటిని ‘జియోల్ మాఛ్’, అంటే బ్రతికి ఉన్న చేపలు అంటారు. శింగికి మొప్పల గది నుండి వెన్ను వెంబడి సాగిన గాలితిత్తులు, మాగురుకు కొమ్మలు వేసిన చెట్టువంటి అవయవం ఉన్నాయి. వాటితో అవి పైగాలిని పీల్చుకొంటాయి. అందుకే అమ్మేవాని అల్యూమినియం హండాలో జానెడు నీటిలో కూడా గంటల తరబడి బ్రతుకుతాయి. జబ్బుపడి లేచినవారికి ఈ చేపల పలుచని పులుసు పథ్యంగా పెడతారు. జెల్లకు ఆ శక్తి లేదు. కనుక బజారులో కొనేటప్పుడు నీటిలో చురుకుగా తిరుగుతున్నదానిని, మీసాలు తెగనిదానిని, మేనిమీద తెల్లని నూగు, గాయాలు లేనిదానిని ఏరుకోవాలి.

పట్టడానికి వల వాడకండి. జెల్ల బెదిరినప్పుడు రొమ్ము రెక్కల ముళ్ళను అడ్డంగా నిలిపి బిగిస్తుంది. అవి వల కళ్ళలో చిక్కుకొంటే విడిపించడం చేపకూ మనకూ బాధే. గిన్నెతో నీటితో సహా ముంచి తీయడం ఉత్తమం. ప్లాస్టిక్ సంచిని ఆ ముల్లు చీల్చగలదు. మూత ఉన్న డబ్బాలో తెచ్చుకోండి. తెచ్చినదానిని రెండు మూడు వారాలు వేరే పాత్రలో ఉంచి, రోగం లేదని తేలిన తరువాతే తొట్టెలో వదలాలి. ఈ చేపలకు పొలుసులు లేవు. పొలుసుల చేపలకని అమ్మే రాగి మందులు, రంగు మందులు వీటి చర్మాన్ని తేలికగా దాటి లోనికి పోతాయి. మందు వేయక తప్పనప్పుడు సగం మోతాదుతో మొదలుపెట్టాలి. అన్నిటికన్న మంచి మందు మంచినీరు.

ఆహారం దీపం ఆర్పిన తరువాత పెట్టాలి. పగలు వేసిన తిండి పరిగెల పాలవుతుంది, జెల్ల పస్తుంటుంది. మునిగే రకం బిళ్ళలు, సన్నగా తరిగిన రొయ్య, పురుగుమందు తగలని నేలలోని వానపాములు దానికి ఇష్టం. తిండి పడిన చోటు దానికి కంటితో చూడవలసిన పని లేదు. ఈ జాతి చేపలకు రుచి తెలిసే మొగ్గలు నోటిలోనే కాక మీసాల మీద, మేను మీద కూడా ఉంటాయి. ఒక విధంగా చేప అంతా నాలుకే.

చేపకు చెవులున్నవా?

చేప చెవిటిదని ఒకప్పుడు పండితులు సైతం నమ్మేవారు. ఆస్ట్రియా శాస్త్రజ్ఞుడు కార్ల్ ఫాన్ ఫ్రిష్ ఒక మీసాల చేపతోనే ఆ నమ్మకాన్ని వమ్ము చేశాడు. చూపు లేని ఆ చేప తొట్టెలో ఒక గొట్టంలో కాపురముండేది. ఫ్రిష్ ప్రతిసారి ముందు ఈల వేసి ఆ తరువాత తిండి అందించేవాడు. కొద్ది రోజులకు ఈల వినగానే, తిండి వాసన తగలకముందే, అది గొట్టం వదలి బయటికి రాసాగింది. ఈలకు వచ్చే చేపను గురించిన ఆయన వ్యాసం 1923లో వెలువడింది. తేనెటీగల భాషను వివరించి 1973లో నోబెలు బహుమతి పంచుకొన్నది ఈ ఫ్రిషే. ఈ వినికిడికి ఆధారమైన నిర్మాణాన్ని వేబర్ అనే జర్మను శాస్త్రజ్ఞుడు 1820లోనే వర్ణించి ఉన్నాడు. ఈ చేపలలో గాలితిత్తి నుండి లోచెవి వరకు చిన్న ఎముకల గొలుసు ఉంటుంది. నీటిలోని శబ్దానికి గాలితిత్తి కంపిస్తే ఆ కంపనాన్ని ఎముకలు చెవికి చేరవేస్తాయి.

వినడమే కాదు, ఈ చేపలు పలుకుతాయి కూడా. రొమ్ము ముల్లును దాని కీలులో ఒరిపిడి చేసి కిర్రుమనే ధ్వని పుట్టిస్తాయి. కనుక పిల్లలు గాజును వేలితో కొట్టి చేపను పిలవడం మాన్పించండి. మనకు అది వేలి చప్పుడు. దానికి తలుపు బద్దలు కొట్టిన చప్పుడు. అందుకు బదులు రోజూ ఒకే వేళకు, ఒకే విధమైన మెత్తని ఈల వేసి తిండి పెట్టి చూడండి. కర్మాగారం కూతకు మేలుకొనే ఊరిలో చేప ఈల నేర్చుకోవడం ఆశ్చర్యం కాదు.

తొట్టె గోడ దాటితే

ఇంత శ్రమ ఎందుకు, దుకాణంలో దొరికే విదేశీ మీసాల చేపను కొనరాదా అని అడగవచ్చును. గాజుకు పట్టిన పాచిని గీకి తింటుందని ‘సక్కర్ చేప’ పేరిట అమ్మే దక్షిణ అమెరికా చేప కొన్నప్పుడు వేలెడే. పెరిగి అడుగు దాటిన తరువాత తొట్టె చాలదు. చంపడానికి మనసొప్పదు. దయతో తీసుకొనిపోయి చెరువులో వదులుతారు. ఆ దయే అనర్థమైంది. ఎముక కవచం గల ఈ చేప వలలను చింపుతుంది, గట్లలో బొరియలు తవ్వుతుంది, బజారులో ధర పలకదు. కలకత్తా మురుగునీటితో చేపలను పండించే తూర్పు కలకత్తా చిత్తడినేలలు 2002 నుండి రాంసార్ ఒప్పందం క్రింద అంతర్జాతీయ ప్రాముఖ్యం పొందిన ప్రదేశం. అక్కడి చెరువులలో ఇది స్థిరపడిపోయింది. తెలుగు నేల మీద కూడా వ్యాపించింది. హైదరాబాదులోని సి.సి.ఎం.బి. శాస్త్రవేత్తలు నీటిలో కలిసిన డి.ఎన్.ఎ. ఆనవాళ్ళను బట్టి ఈ చేప ఉనికిని పసిగట్టే పద్ధతితో తూర్పు కనుమల జలాశయాలలో దానిని వెదకవలసి వచ్చింది. ఆఫ్రికా మార్పుది మరొక కథ. త్వరగా పెరుగుతుందని తెచ్చిన ఆ చేప మన చేపలను తినివేస్తున్నదని 2000లో కేంద్రప్రభుత్వం దాని పెంపకాన్ని నిషేధించింది.

మన మార్పు ఇప్పుడు అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం జాబితాలో అంతరించే ప్రమాదమున్న జాతులలో చేరి ఉన్నది. పొలాల మందులు, పూడిన చెరువులు, పైనుండి వచ్చిన పోటీదారు, అన్నీ దానికి శత్రువులే. చారల జెల్ల ఇంకా ఆ స్థితికి రాలేదు. ఆశకు తావు కూడా లేకపోలేదు. 1957లో హీరాలాల్ చౌధురి ఒడిశాలో కార్పు చేపలకు పీయూష గ్రంథి సారం ఎక్కించి గ్రుడ్లు పెట్టించి చూపాడు. ఆ దారిలోనే నేడు మాగుర్, శింగి, పాబ్దా పిల్లలను హేచరీలలో పుట్టిస్తున్నారు. వీలైనంతవరకు అటువంటి చోట పుట్టిన పిల్లలనే కొనండి. మన చేప అయినా సరే, తొట్టెలో పెరిగినదానిని తిరిగి చెరువులో వదలకండి. తొట్టెలోని రోగం దానితో కూడా పోతుంది. అక్కరలేనప్పుడు మరొక పెంపకందారునికి ఇవ్వండి.

తొట్టెలో ఉన్నది అతిథి కాక ఈ ఊరి చేపే అయినందువల్ల మరొక లాభం ఉన్నది. మూడవ తరం తెలుగు పిల్లలకు ఇక్కడ ట్యాంగ్రా తెలుసును, పాఠశాలలో క్యాట్‌ఫిష్ తెలుసును. జెల్ల అనే మాట మాత్రం వంటింటిలో పెద్దల నోట మిగిలి ఉన్నది. కళ్ళ ముందు రోజూ తిరిగే ప్రాణికి పిల్లలు పేరు అడుగుతారు. అడిగినప్పుడు మూడు పేర్లూ చెప్పండి. మన పేరు ముందు చెప్పండి.